ప్యాకేజీ మేనేజర్లలో డిపెండెన్సీ చిక్కులు

ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ పనిచెయ్యాలంటే దానికి తోడుగా ఉండాల్సిన ఇతర ప్యాకేజీలను దాని డిపెండెన్సీలు అంటారు. దేనికి ఏది తోడు కావాలి, ఏ వెర్షన్ కావాలి, దేనితో దేనికి పడదు అన్న లెక్కలన్నీ చూసి, అన్నీ ఇమిడే ఒక జాబితాను తేల్చడం డిపెండెన్సీ రిజల్యూషన్. ప్యాకేజీ మేనేజర్‌లో ఆ పని చేసే భాగం పేరు రిజాల్వర్. జాబితా తేలకపోతే రిజాల్వర్ చేతులెత్తేసి నాలుగైదు వరసల ఎర్రర్ చూపిస్తుంది. ఆ వరసలను ఎలా చదవాలి, అసలు కారణం ఎక్కడ దాగి ఉంటుంది, ఎలా సరిచెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నవి ఈ వ్యాస విషయం.

ఉదాహరణలు ఎక్కువగా డెబియన్ లైనక్స్ నుంచి తీసుకున్నవి. తెలుగువాళ్లు తయారుచేసుకున్న స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, సీ-డాక్ వారి బాస్ లైనక్స్‌కూ, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో తరచుగా కనిపించే ఉబుంటుకూ పునాది అదే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి కంప్యూటర్ చదువుకొచ్చిన పిల్లలు చాలామంది లైనక్స్‌లో మొదట భయపడేది ఈ ఎర్రర్ దగ్గరే. ఆ భయం అనవసరం. ఎర్రర్ చదవడం నేర్పించే విషయమే తప్ప ఎవరికీ పుట్టుకతో వచ్చేది కాదు.

పెళ్లి పిలుపుల లెక్క

పెళ్లి పిలుపులు రాసే ఇంట్లో కాసేపు కూర్చున్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. పెద్దమామను పిలిస్తే అత్తను పిలవాల్సిందే. చిన్నాన్న వస్తే ఎదురింటాయన రాడు, ఇద్దరికీ పొలం గట్టు తగాదా. సన్నాయికి ఎవరో ఒకరు కావాలి, ఫలానా మేళమే అక్కర్లేదు. పక్కూరి స్నేహితులు వస్తే బాగుంటుంది, రాకపోయినా ముహూర్తం ఆగదు. ప్రతి డెబియన్ ప్యాకేజీలోనూ ఉండే కంట్రోల్ ఫైల్ చెప్పేవి సరిగ్గా ఇలాంటి మాటలే.

డిపెండ్స్ అంటే అది లేనిదే నేను పనిచెయ్యను. ప్రీ-డిపెండ్స్ ఇంకా గట్టిది: నన్ను విప్పకముందే అది పూర్తిగా సిద్ధమై ఉండాలి. రికమెండ్స్ అంటే మామూలుగా నాతో ఉండాలి, తెలిసి వద్దనుకున్నవాళ్లు వదులుకోవచ్చు. సజెస్ట్స్ అంటే ఉంటే మంచిది. కాన్‌ఫ్లిక్ట్స్ అంటే ఇద్దరం ఒకే సిస్టమ్‌లో ఉండలేం. బ్రేక్స్ అంటే నేను వస్తే దాని పాత వెర్షన్ చెడుతుంది, దాన్ని ముందు మార్చండి. ప్రొవైడ్స్ అంటే ఆ పేరు అడిగినచోట నేనూ సరిపోతాను. మెయిల్ పంపే సర్వర్ కావాలని ఒక ప్యాకేజీ అడిగితే ఎగ్జిమ్ రావచ్చు, పోస్ట్‌ఫిక్స్ రావచ్చు. ఎవరో ఒకరు సన్నాయి ఊదితే చాలు.

పెళ్లిలో పిలుపులు కొన్ని వందలు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ప్యాకేజీలు 64 వేలకు పైన. ఒక డెస్క్‌టాప్‌లో సాధారణంగా ఉండేవి రెండు మూడు వేలు, ఒక్కొక్కదానికి మళ్లీ ఎన్నో షరతులు. వీటన్నింటికీ సరిపడే జాబితాను వెతకడం ఎంత కష్టమో 2005, 2006 సంవత్సరాల్లో రాబర్టో డి కాస్మో, ఆయన సహచరులు ఈడోస్ ప్రాజెక్టులో గణితపరంగా రుజువు చేశారు. కంప్యూటర్ శాస్త్రం ఎన్‌పీ-కంప్లీట్ అని పిలిచే కోవలో చేరే సమస్య ఇది. అంటే అన్ని సందర్భాల్లోనూ త్వరగా జవాబు తెచ్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. నిజజీవితపు ప్యాకేజీలు అంత మొండివి కావు గనుక రోజువారీ పని గడుస్తోంది.

రిజాల్వర్లు ఎలా ఎదిగాయి

డెబియన్‌ను 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. దాని అడుగున ప్యాకేజీలను విప్పి సిస్టమ్‌లో వేసే డీపీకేజీ ఆ తొలి ఏళ్లలోనే రూపుదిద్దుకుంది. రెడ్‌హ్యాట్ 1995లో ఆర్‌పీఎమ్ తెచ్చింది. ఈ రెండూ డిపెండెన్సీ లేదని చెప్పగలవు గాని తెచ్చిపెట్టలేవు. ఒక ఫైల్ కోసం వెళ్తే అది ఇంకో మూడు అడిగేది, ఆ మూడూ ఇంకో తొమ్మిది అడిగేవి. డిపెండెన్సీ నరకం అన్న మాట స్థిరపడింది ఆ రోజుల్లోనే. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో ఆప్ట్ జనంలోకి వచ్చాక, కావలసినవన్నీ రిపాజిటరీ నుంచి, అంటే ప్యాకేజీలు దాచి ఉంచే చోటి నుంచి, అదే వెతికి తెచ్చే పద్ధతి మొదలైంది. రెడ్‌హ్యాట్ కుటుంబానికి యమ్, దాని తరవాత డీఎన్ఎఫ్ అదే మేలు చేశాయి.

ఆప్ట్ పాత రిజాల్వర్ గురించి ఒక విషయం తెలిసి ఉండాలి. అది ప్యాకేజీలకు మార్కులు వేసి, ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని నిలబెట్టి, తక్కువ వచ్చినదాన్ని తప్పించే అంచనా పద్ధతి. అందుకే పరిష్కారం ఉన్నా ఒక్కోసారి దానికి దొరకదు. దారి ఇది అని మనమే చెయ్యి పట్టి చూపిస్తే, అంటే తగాదాలో ఉన్న రెండు ప్యాకేజీల పేర్లనూ ఒకే కమాండ్‌లో రాస్తే, ఠక్కున తేలిపోతుంది. సూసె లైనక్స్ వాళ్లు లిబ్‌సాల్వ్‌తో 2008 ప్రాంతంలోనే గణిత తర్కం ఆధారంగా వెతికే పద్ధతికి మారారు. రెడ్‌హ్యాట్ కుటుంబపు ఫెడోరా 2015లో డీఎన్ఎఫ్‌తో దాన్ని అందుకుంది. డార్ట్ భాష కోసం నటాలీ వైజెన్‌బామ్ 2018లో పరిచయం చేసిన పబ్‌గ్రబ్ ఇంకో మెట్టు ఎక్కింది. జాబితా ఎందుకు తేలలేదో అది మనిషికి అర్థమయ్యే వరసలో చెబుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో వేగం కంటే పెద్ద మేలు అదే. డెబియన్ వైపు 2025లో వచ్చిన ఆప్ట్ 3.0 కొత్త సాల్వర్‌ను తెచ్చింది.

తెలుగు ప్యాకేజీల దగ్గర తగిలే చిక్కులు

స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తొలిసారి 2005లో విడుదల చేసింది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అని వేరే రూపం కూడా వచ్చింది. ఇలాంటి పంపిణీల్లో తెలుగు తెరమీద కనబడడానికి ఫాంట్లు, టైపు చెయ్యడానికి కీబోర్డు మెథడ్, మెనూలకు అనువాద ఫైళ్లు అన్నీ వేర్వేరు ప్యాకేజీలు. డెబియన్‌లో ఫాంట్స్-తెలు అనే మెటాప్యాకేజీ ఉంది. దానిలో సొంత సరుకేమీ లేదు, మిగతా తెలుగు ఫాంట్ ప్యాకేజీలను డిపెండెన్సీలుగా లాక్కురావడమే దాని పని. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో పోతన2000, వేమన2000 ఫాంట్లు ఉంటాయి.

ఇక్కడ రెండు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. మొదటిది పేరు మార్పు. పాత డెబియన్‌లో ఇదే మెటాప్యాకేజీ పేరు టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్. తరవాత డెబియన్ ఫాంట్ ప్యాకేజీలన్నింటినీ ఫాంట్స్ అన్న మాటతో మొదలయ్యే పేర్లలోకి మార్చింది. పదిహేనేళ్ల కిందటి తెలుగు సూచనలు చూసి పాత పేరు కొడితే, ప్యాకేజీ కనబడలేదని ఆప్ట్ చెబుతుంది. విద్యార్థి తెలుగు సపోర్టే తీసేశారనుకుని ఊరుకుంటాడు. ఆప్ట్ సెర్చ్ అన్న కమాండ్‌కు తెలు అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి వెతికితే కొత్త పేరు ఒక్క క్షణంలో దొరుకుతుంది.

రెండోది ఇంకా నెమ్మదిగా దెబ్బతీసేది, ఎందుకంటే ఇందులో ఎర్రరే రాదు. టాస్క్-తెలుగు-డెస్క్‌టాప్ వంటి టాస్క్ ప్యాకేజీలు తమకు కావలసినవాటిని ఎక్కువగా రికమెండ్స్ కిందే రాస్తాయి. డిస్క్‌లో చోటు మిగులుతుందని ఎవరో సలహా ఇస్తే రికమెండ్స్ వద్దు అన్న ఆప్షన్ పెట్టి ఇన్‌స్టాల్ చేస్తారు. టాస్క్ విజయవంతంగా ఎక్కింది అని తెరమీద పడుతుంది. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు గళ్లు కనబడతాయి. రిజాల్వర్ అడిగినంత పని చేసింది, అడగడంలోనే లోటు జరిగింది. ఆప్ట్ డిపెండ్స్ అన్న కమాండ్‌తో ఆ టాస్క్ ఏమేం రికమెండ్ చేస్తోందో చూసి, ఫాంట్ ప్యాకేజీని పేరుపెట్టి వేసుకుంటే గళ్లు పోయి అక్షరాలు వస్తాయి.

ఒక ఎర్రర్, దగ్గర నుంచి

మదనపల్లెలో ఒక కాలేజీ ల్యాబు అనుకుందాం. డెబియన్ 12 ఉన్న సిస్టమ్. విద్యార్థి తనకు కావలసిన ప్రోగ్రామ్‌ను ఎక్కడి నుంచో డెబ్ ఫైల్‌గా, అంటే డెబియన్ ప్యాకేజీ ఫైల్‌గా, దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఇన్‌స్టాల్ చేస్తే కొన్ని ప్యాకేజీల డిపెండెన్సీలు తీరలేదని చెప్పి, ఆప్ట్ దాని కింద రెండు వరసలు చూపించింది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 కావాలి, కానీ అది ఇన్‌స్టాల్ చెయ్యదగినది కాదు. లిబ్‌సీ6 కనీసం 2.38 కావాలి, కానీ 2.36 వేయబోతున్నాం. చివరి వరసలో, సమస్యలు సరిచెయ్యలేకపోయాను, మీరు విరిగిన ప్యాకేజీలను హోల్డ్ చేశారు అని ఉంది.

"సార్, నేనేం హోల్డ్ పెట్టలేదు సార్" అంటాడు పిల్లవాడు. అతను చెప్పింది నిజం. ఆప్ట్ ఎర్రర్లలో మనిషిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ ఒక్క వాక్యమే. అక్కడ హోల్డ్ అన్న మాటకు అర్థం, ఈ అభ్యర్థనలో కొన్ని ప్యాకేజీలు తీరని షరతులతో మిగిలిపోయాయి అని. నిజంగా ఎవరైనా హోల్డ్ పెట్టారేమో, అంటే ఏదైనా ప్యాకేజీ వెర్షన్ మారకుండా ఆపారేమో, చూడాలంటే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అన్న కమాండ్ ఉంది. అది ఖాళీగా వస్తే చివరి వరసను వదిలేసి పై వరసల దగ్గరికి వెళ్లాలి. ఎర్రర్‌ను కింద నుంచి కాక పైనుంచి చదవాలని ల్యాబుల్లో మొదటి రోజే చెబితే బోలెడు గంటలు మిగులుతాయి.

పై వరసల్లో ప్రతి మాటకూ అర్థం ఉంది. ఇన్‌స్టాల్ చెయ్యదగినది కాదు అంటే, ఆ పేరును వేరే ఎవరో ప్రస్తావించారు గాని, మన దగ్గర రాసి ఉన్న రిపాజిటరీల్లో ఆ ప్యాకేజీ అసలు లేదు. ఫలానా వెర్షన్ వేయబోతున్నాం అంటే, ప్యాకేజీ ఉంది, అడిగినంత కొత్తది లేదు. వేయబోవడం లేదు అని వస్తే, ప్యాకేజీ ఉంది గాని దానికే ఇంకేదో అడ్డం పడుతోంది. ఈ మూడో రకమే లోతైనది. ఆ పేరు పట్టుకుని దాన్నే విడిగా ఇన్‌స్టాల్ చెయ్యమని అడిగితే ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్తుంది. అలా దిగుతూ పోతే ఎక్కడో ఒక చోట మొదటి రెండు రకాల్లో ఒకటి బయటపడుతుంది. ఆప్టిట్యూడ్ వేసుకుంటే వై-నాట్ అన్న కమాండ్ ఈ దిగుడు అంతా ఒకేసారి చూపిస్తుంది.

పేరు చివర ఉన్న టీ64 కథ వినదగ్గది. 32 బిట్ల అంకెలో సెకన్లు లెక్కపెట్టే పాత పద్ధతికి 2038 జనవరి 19న అంకె నిండిపోతుంది. దాన్ని తప్పించడానికి డెబియన్, ఉబుంటు 2024లో సమయాన్ని 64 బిట్లకు మార్చాయి. ఆ మార్పు తగిలిన లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేర్చారు. కాబట్టి ఆ పేరు అడిగే డెబ్ ఫైల్ ఉబుంటు 24.04 మీదో, డెబియన్ 13 మీదో, వాటి తరవాతివాటి మీదో కట్టినది. డెబియన్ 12లో ఉన్నది తోక లేని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3. అందులోని సీ లైబ్రరీ 2.36. రెండు వరసలూ చెబుతున్నది ఒకటే విషయం: ఈ ఫైల్ ఈ సిస్టమ్ కోసం తయారైంది కాదు. ఇటు నుంచి అటు అయితే నడిచేది. 64 బిట్ సిస్టమ్‌ల మీద కొత్త ప్యాకేజీ పాత పేరును కూడా ప్రొవైడ్స్ కింద రాసుకుంది కాబట్టి డెబియన్ 12 కోసం కట్టిన ప్రోగ్రామ్‌కు డెబియన్ 13లో ఈ లైబ్రరీ దగ్గర అడ్డు లేదు. వెనక్కి మాత్రం దారి లేదు.

ఈ చోట చేసే తప్పు దాదాపు అందరూ ఒకేలా చేస్తారు. లేనిదేదో తెలిసింది కదా అని కొత్త రిలీజ్ నుంచి లిబ్‌సీ6 దించి వెయ్యబోతారు. సిస్టమ్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ నిలబడేది ఆ లైబ్రరీ మీదే. ఇల్లు అలాగే ఉంచి పునాది మార్చడం లాంటిది ఆ పని. సరైన దారులు నాలుగున్నాయి. ఆ ప్రోగ్రామ్ డెబియన్ 12 కోసం కట్టిన ఫైల్ ఉందేమో చూడాలి. బ్యాక్‌పోర్ట్స్ రిపాజిటరీలో, అంటే కొత్త వెర్షన్లను పాత రిలీజ్ కోసం తిరిగి కట్టి పెట్టిన చోట వెతకాలి. తన లైబ్రరీలు తనతోనే తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్ రూపం వాడుకోవాలి. ఇవేవీ కుదరకపోతే తీరిగ్గా సిస్టమ్ మొత్తాన్ని డెబియన్ 13కు మార్చుకోవాలి.

కారణం ఎక్కడ దాగుంటుంది

డెబియన్ స్టేబుల్ రిలీజ్‌లో ఉన్న ప్యాకేజీలు బయటికొచ్చే ముందే ఇన్‌స్టాల్ పరీక్షలు దాటుతాయి. ఒక ప్యాకేజీ తరవాతి స్టేబుల్‌గా తయారయ్యే టెస్టింగ్‌లోకి వెళ్తే మిగతావాటిలో ఏదైనా వేయలేని స్థితికి వస్తుందా అని బ్రిట్నీ అనే ప్రోగ్రామ్ చూస్తుంది. ఈడోస్, దాని తరవాతి మాంకూసీ ప్రాజెక్టుల పరిశోధన నుంచి వచ్చిన డోస్ పనిముట్లు కూడా మొత్తం ఆర్కైవ్‌ను జల్లెడ పడతాయి. అందువల్ల స్టేబుల్ వాడే సిస్టమ్‌లో డిపెండెన్సీ తీరలేదంటే రిపాజిటరీని అనుమానించే ముందు మన సిస్టమ్‌లో రాసి ఉన్న మూలాలను, అంటే రిపాజిటరీల జాబితాను, చూసుకోవాలి. ఆప్ట్ పాలసీ అన్న కమాండ్ పక్కన ప్యాకేజీ పేరు రాస్తే, ఇప్పుడు ఏ వెర్షన్ ఉంది, ఏది వెయ్యబోతోంది, ఏ రిపాజిటరీ ఏ వెర్షన్ ఇస్తోంది, దేనికి ఎంత ప్రాధాన్యం అన్నవి ఆరేడు వరసల్లో కనబడతాయి. ఈ వ్యాసంలో ఒక్క కమాండే గుర్తుపెట్టుకోదలిస్తే అది ఇదే.

ప్రాధాన్యపు అంకెలకూ అర్థముంది. మామూలు రిపాజిటరీకి 500. బ్యాక్‌పోర్ట్స్‌కు 100, అందుకే అడిగితే తప్ప అక్కడి నుంచి కొత్తగా ఏదీ రాదు. మనం కావాలని ఎంచుకున్న రిలీజ్‌కు 990. ఎవరైనా ఈ ప్రాధాన్యాలను మార్చే పిన్ ఫైల్‌లో 1000 దాటించి రాస్తే, వెర్షన్ వెనక్కి తగ్గించడానికి కూడా ఆప్ట్ వెనకాడదు. ఎప్పుడో ఒక అవసరానికి రాసి మరిచిపోయిన పిన్ ఫైల్ రెండేళ్ల తరవాత కూడా ఎర్రర్‌గా లేస్తుంది.

ఉబుంటు కోసం ఉద్దేశించిన పీపీఏలను, అంటే ఎవరికి వాళ్లు పెట్టుకునే రిపాజిటరీలను, డెబియన్‌లో చేర్చడం ఇంకో మూలకారణం. వెర్షన్ అంకె పెద్దదిగా కనబడితే ఆప్ట్ దానివైపు మొగ్గుతుంది. అలా నాలుగు ఊళ్ల సరుకుతో కూడిన సిస్టమ్‌ను డెబియన్ వాళ్లు ఫ్రాంకెన్‌డెబియన్ అని పిలుస్తారు. రిలీజ్ మారే రోజుల్లోనూ ఇలాంటి కలగాపులగం జరుగుతుంది. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. మూలాల ఫైల్‌లో బుక్‌వార్మ్ అని డెబియన్ 12 రిలీజ్ పేరు రాసుకున్నవాళ్లు ఆ రోజు ఉన్నచోటే ఉన్నారు. స్టేబుల్ అని రాసుకున్నవాళ్ల మూలాలు రాత్రికి రాత్రి డెబియన్ 13 వైపు తిరిగాయి. రిపాజిటరీ పేరు మారింది, ఒప్పుకుంటారా అని ఆప్ట్ అడుగుతుంది. చదవకుండా వై నొక్కి, తరవాత ఒకటీ అరా ప్యాకేజీ మాత్రమే వేసుకుంటూ పోయిన సిస్టమ్‌లు సగం పాత, సగం కొత్తగా తయారవుతాయి. మూలాల్లో ఎప్పుడూ రిలీజ్ పేరే రాసుకోవడం మేలు.

నెట్ బలహీనంగా ఉన్న చోట కారణం ఇంకా చిన్నది. హార్స్లీ హిల్స్ మీద, 1,265 మీటర్ల ఎత్తున, సిగ్నల్ తగిలీ తగలని ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆప్ట్ అప్‌డేట్ కొట్టారనుకోండి. కొన్ని సూచీలు దిగుతాయి, కొన్ని దిగవు. దిగనివాటికి పాతవే వాడుతున్నానని ఒక హెచ్చరిక తెరమీద పైకి జరిగిపోతుంది. తరవాతి ఇన్‌స్టాల్‌లో కొత్త సూచీ ఒక వెర్షన్, పాత సూచీ ఇంకో వెర్షన్ చెబుతాయి. లేదా రిపాజిటరీలో ఎప్పుడో తీసేసిన ఫైల్ కోసం ఆప్ట్ వెళ్లి, ఫైల్ లేదన్న 404 ఎర్రర్ తెచ్చుకుంటుంది. అప్‌డేట్ ఒక్క హెచ్చరికా లేకుండా పూర్తయ్యే దాకా మళ్లీ కొట్టడమే దీనికి మందు. నెట్ అసలే లేని సిస్టమ్‌ల కోసం ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే పనిముట్టు ఉంది. ఏమేం కావాలో ఇక్కడ రాయించుకుని, నెట్ ఉన్నచోట దించుకుని, తిరిగొచ్చి వేసుకోవచ్చు. డెబ్ ఫైళ్లు ఒక్కొక్కటిగా పెన్‌డ్రైవ్‌లో మోసే అవస్థ తప్పుతుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోవడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన కష్టం. ఆప్ట్ ముందు అన్నీ విప్పుతుంది, తరవాత ఒక్కొక్కదాన్ని కాన్ఫిగర్ చేస్తుంది. ఆ మధ్యలో ఆగిన ప్యాకేజీలు విప్పినవి, సగం సిద్ధమైనవి అన్న గుర్తులతో మిగిలిపోతాయి. అక్కడి నుంచి ఏది వెయ్యబోయినా డిపెండెన్సీ ఎర్రరే. డీపీకేజీకి ఆడిట్ ఆప్షన్ ఇస్తే అలా మిగిలినవాటి జాబితా ఇస్తుంది. కాన్ఫిగర్ ఆప్షన్‌తో పాటు అన్నీ అన్న అర్థంలో ఏ ఇస్తే ఆగినచోటి నుంచి పని పూర్తిచేస్తుంది. ఇంకా ఏవైనా మిగిలితే ఆప్ట్ ఇన్‌స్టాల్‌కు ఫిక్స్-బ్రోకెన్ చేర్చి కొట్టాలి. నూటికి తొంభై సార్లు ఈ వరసే సరిపోతుంది అనిపించేంత నమ్మకంగా పనిచేస్తుంది.

లాక్ దొరకలేదు అన్న ఎర్రర్ డిపెండెన్సీది కాదు, అయినా దాని నుంచే డిపెండెన్సీ చిక్కులు పుడతాయి. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉంటే అది వస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టాలి. లాక్ ఫైల్‌ను చెరిపేస్తే రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి ఒకే రిజిస్టర్‌లో రాసినట్టవుతుంది.

పైథాన్, జావాస్క్రిప్ట్ లోకం

ప్రోగ్రామింగ్ భాషల ప్యాకేజీ మేనేజర్లలో కష్టం వేరే తీరుగా ఉంటుంది. డెబియన్‌లో ఒక రిలీజ్‌కు ప్యాకేజీలన్నింటినీ కలిపి పొంతన కుదిర్చే మనుషులున్నారు. పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐలో అలా కుదిర్చే పెద్ద ఎవరూ లేరు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు కొత్త వెర్షన్ పెడతారు. 2020 నవంబర్ 30న వచ్చిన పిప్ 20.3 దాకా పిప్‌లో అసలైన రిజాల్వరే లేదు. ముందు కనబడిన షరతుకు సరిపోయేది వేసేసి, తరవాత వచ్చిన షరతు చెడితే ఊరుకునేది. ఇప్పుడు వెనక్కి వెళ్లి పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది. అందుకే ఒక్కోసారి ఒకే లైబ్రరీ వెర్షన్లు వరసపెట్టి దిగుతూ ఎంతకీ తెమలదు. తగ్గిన నెట్‌లో అది నరకమే. కనీస వెర్షన్ ఇంత అని రాసిన కన్‌స్ట్రెయింట్స్ ఫైల్ ఇస్తే వెతుకులాట ఒక్కసారిగా కుంచించుకుపోతుంది.

డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లో పిప్‌తో నేరుగా వెయ్యబోతే, ఈ పర్యావరణం బయటివాళ్ల నిర్వహణలో ఉందని అడ్డు చెబుతుంది. విద్యార్థులకు ఇది కోపం తెప్పిస్తుంది గాని, ఆ అడ్డు మన మేలుకే. ఆప్ట్ ఒక చేత్తో, పిప్ ఇంకో చేత్తో ఒకే అల్మారా సర్దితే రెండింటి లెక్కలూ తప్పుతాయి. ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవాలి. చెడితే అదొక్కటి చెరిపేసి కొత్తది తెరుచుకోవచ్చు, సిస్టమ్‌కు ఏమీ కాదు.

రిజాల్వర్ సరే అన్నా పని చెడే సందర్భాలుంటాయి. 2024 జూన్‌లో పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై 2.0 వచ్చినప్పుడు అదే జరిగింది. పాత ప్యాకేజీల్లో చాలావాటికి నంపై ఇంత దాటకూడదు అన్న పై హద్దు రాసి లేదు. రిజాల్వర్ కొత్తదే తెచ్చింది. నడిపితే, నంపై 1తో కట్టిన మాడ్యూల్ నంపై 2లో నడవదని కుప్పకూలింది. జాబితా తప్పు కాదు, జాబితా తయారైన షరతుల్లోనే ఒకటి తక్కువ. అలాంటప్పుడు ఆ షరతును మనమే చేర్చాలి: నంపై 2 కన్నా తక్కువ అని.

జావాస్క్రిప్ట్ వైపు ఎన్‌పీఎమ్ ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లను రెండు వేర్వేరు ఫోల్డర్లలో ఉంచగలదు, అందువల్ల సగం తగాదాలు పుట్టనే పుట్టవు. పీర్ డిపెండెన్సీల దగ్గర ఆ సౌకర్యం లేదు. రియాక్ట్ వంటి లైబ్రరీ ప్రాజెక్టు మొత్తానికి ఒక్కటే ఉండాలి. 2020 అక్టోబర్‌లో వచ్చిన ఎన్‌పీఎమ్ 7 ఈ షరతును గట్టిగా అమలు చెయ్యడం మొదలుపెట్టాక ఈరిజాల్వ్ అన్న ఎర్రర్ ఇంటింటి మాట అయింది. లెగసీ-పీర్-డెప్స్ ఆప్షన్ ఆ ఎర్రర్‌ను మాయం చేస్తుంది, తగాదాను మాత్రం తియ్యదు. ఇదే లోకంలో 2016 మార్చి 22న లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరసల చిన్న ప్యాకేజీని దాని రచయిత తీసేసుకుంటే, దాని మీద పరోక్షంగా ఆధారపడిన పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. తేలిన జాబితాను వెర్షన్‌తో సహా రాసిపెట్టే లాక్‌ఫైల్‌ను కోడ్‌తో పాటే దాచుకుంటే, నిన్న నడిచినది ఇవాళ ఎందుకు నడవలేదన్న ప్రశ్నకు జవాబు రెండు లాక్‌ఫైళ్ల తేడాలో దొరుకుతుంది.

బలవంతం

డీపీకేజీకి ఫోర్స్-డిపెండ్స్, ఫోర్స్-ఆల్ వంటి ఆప్షన్లున్నాయి. అవి డిపెండెన్సీని తీర్చవు, అడిగే నోరు మూస్తాయి. ఆ తరవాత వేసే ప్రతి ప్యాకేజీకీ ఆప్ట్ అదే విరుపు దగ్గర ఆగుతుంది. లేని లైబ్రరీ పేరుతో ఉన్న లైబ్రరీకి సింబాలిక్ లింక్ పెట్టడం కూడా ఇలాంటిదే.

బలవంతం ఎంత దూరం తీసుకెళ్తుందో 2021 నవంబర్‌లో లోకమంతా చూసింది. వీడియోల ద్వారా పేరుపొందిన లైనస్ సెబాస్టియన్ ఉబుంటు మీద కట్టిన పాప్ ఓఎస్‌లో, గేమ్‌ల కోసం వాడే స్టీమ్ ప్రోగ్రామ్‌ను వెయ్యబోయాడు. ఒక ప్యాకేజీ 32 బిట్, 64 బిట్ రూపాలకు వెర్షన్ పొసగక, స్టీమ్‌ను ఇమిడ్చే జాబితా కోసం రిజాల్వర్ డెస్క్‌టాప్‌నే తీసెయ్యాలని తేల్చింది. తీసెయ్యబోయేవాటి పేర్లు చూపించింది, అపాయమని చెప్పింది, నిజంగా కావాలంటే అవును, నేను చెప్పినట్టే చెయ్యి అన్న వాక్యం మొత్తం టైపు చెయ్యమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. ఆ తరవాత ఆప్ట్ రచయితలు ఆ దారిని ఇంకా బిగించారు. అవును నొక్కే ముందు తొలగించబోయే ప్యాకేజీల వరస ఒక్కటి చదివితే చాలు. పది పదిహేను పేర్లు ఉండి, వాటిలో డెస్క్‌టాప్ పేరో లిబ్‌సీ పేరో కనబడితే కాదు అనాలి. ఆప్ట్‌కు సిమ్యులేట్ అన్న ఆప్షన్ ఇస్తే ఏదీ మార్చకుండా ఏం జరగబోతుందో మాత్రమే చెబుతుంది. తెలియని కమాండ్‌ను మొదట దానితోనే నడపాలి.

సహాయం అడిగేటప్పుడు

అన్నీ చూసి, మూలాలన్నీ సరిగ్గా ఉన్నా తేలకపోతే తప్పు ప్యాకేజీదే కావచ్చు. డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ అన్న ప్రోగ్రామ్ అందుకు ఉంది. రాసేటప్పుడు మొత్తం కమాండ్, మొత్తం ఎర్రర్, ఆ ప్యాకేజీకి ఆప్ట్ పాలసీ ఇచ్చిన జవాబు, మూలాల ఫైల్‌లో ఉన్న వరసలు కలిపి పంపాలి. ఫోన్‌తో తీసిన తెర ఫోటోలో ఎర్రర్ చివరి రెండు వరసలే పడతాయి, అవి ఎవరికీ ఉపయోగపడవు. తెలుగు లొకేల్ పెట్టుకున్న సిస్టమ్ అయితే కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్ విలువ సీ అని రాసి నడపాలి. అప్పుడు మెసేజ్‌లు మూల రూపంలో, ఇంగ్లీషులో వస్తాయి. జర్మనీలోనో బ్రెజిల్‌లోనో ఉండి ఆ ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్ వాటినే చదవగలడు, అవే మాటలతో పాత బగ్‌లలో వెతకగలడు. తెలుగు ఫాంట్ ప్యాకేజీలో బగ్ అయితే, ఏ అక్షరం ఎలా కనబడాలో ఎలా కనబడుతోందో ఒక బొమ్మ కూడా జతచెయ్యాలి. ఆ మెయింటెయినర్‌కు తెలుగు చదవడం రాకపోవచ్చు, క్ష్మ ఒత్తు ఎక్కడ పడాలో మనమే చూపించాలి.